ఏఆర్‌టీ వాడుతున్న స్త్రీలలో జననాంగ ఇన్ఫెక్షన్లు, వైరస్ స్రావం: నెల్లూరు తీరం నేపథ్యంలో

హెచ్ఐవీ రక్తంలో ఎంత ఉందో జననాంగ స్రావాల్లోనూ అంతే ఉండాలని లేదు. హెచ్ఐవీని అణచే ఏఆర్‌టీ మాత్రలు తప్పకుండా వేసుకుంటూ, రక్తపరీక్షలో వైరస్ కనబడని స్థితికి చేరిన స్త్రీలలో కూడా గర్భాశయ ముఖద్వారం నుంచో, యోని గోడల నుంచో తీసిన ద్రవంలో అప్పుడప్పుడూ వైరస్ జన్యుపదార్థం దొరుకుతుంది. వైద్య పరిశోధకులు దీన్ని జననాంగ వైరస్ స్రావం అంటారు. తెల్లబట్ట, దురద, మంట, పుండ్లు, పొత్తికడుపు నొప్పితో బయటపడే ఇన్ఫెక్షన్లు ఈ స్రావాన్ని పెంచుతాయి. వాటిలో చాలావాటికి వైద్యం చేస్తే అది తగ్గుతుంది కూడా.

ఈ విషయాన్ని ఇన్నాళ్లూ ఒక్క వైపు నుంచే చూశారు: ఆమె నుంచి ఇంకొకరికి సోకుతుందా లేదా అని. ఆ ప్రశ్నకు ఇప్పుడు గట్టి జవాబే ఉంది. జవాబు దొరకనిది ఆమె సొంత బాధకే. రక్తంలో వైరస్ కనబడలేదని కాగితం చేతికొచ్చిన తర్వాత కూడా తెల్లబట్టతో, నడుం నొప్పితో ఏళ్లు గడిపే స్త్రీ ఏ గది ముందు కూర్చోవాలన్నది నెల్లూరు లాంటి జిల్లాల్లో ఇంకా తేలని సంగతి.

తీరమూ రహదారీ

కావలి నుంచి తడ దాకా చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి సముద్రానికి కాస్త లోపలగా సాగుతుంది. పాత లెక్కలో అది ఐదో నంబరు, ఇప్పుడు పదహారు. రోడ్డుకీ కెరటానికీ నడుమ వరి మాగాణి, రొయ్యల చెరువులు, బకింగ్‌హామ్ కాలువ, పట్టపు మత్స్యకారుల పాలేలు, యానాది కాలనీలు, 2008లో తెరుచుకున్న కృష్ణపట్నం ఓడరేవు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయాయి, కందుకూరు వైపు నుంచి కొంత తీరం వచ్చి చేరింది. ఇక్కడ నెల్లూరు తీరం అన్నప్పుడు పాత హద్దులూ కొత్త హద్దులూ రెండూ కలిపే.

దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది ఈ తీరానికి పక్కనే ఉన్న మద్రాసులో. 1986లో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పరీక్షించినప్పుడు తేలింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆంధ్ర రోగులకు పెద్ద దిక్కు కూడా ఆ నగరమే. చెన్నై శివార్లలోని తాంబరం శానటోరియం వార్డుల్లో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఊళ్లో తెలియకుండా వైద్యం చేయించుకోవడానికి రాష్ట్ర సరిహద్దు దాటడం ఒక మార్గం. సూళ్లూరుపేట వాసికి నెల్లూరు కన్నా చెన్నై దగ్గర కూడా.

కేంద్ర ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టినప్పుడు ఎంపికైన తొలి ఎనిమిది కేంద్రాల్లో తాంబరం ఒకటి, హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి ఇంకొకటి. రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 కణాలు 200 కంటే కిందికి పడిపోయినవారికే అప్పట్లో మందులు ఇచ్చేవారు. ఆ గీత మెల్లగా పైకి జరుగుతూ వచ్చింది. 2017 నుంచి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ సీడీ4తో పనిలేకుండా మందులు ఇస్తున్నారు.

లారీ డ్రైవర్లకూ, వేటకు వెళ్లే మత్స్యకారులకూ ఈ జబ్బును అంటగట్టే అలవాటు ఇక్కడ పాతదే. లెక్కలు ఆ అలవాటును సమర్థించవు. గుంటూరు జిల్లాలో లలిత్ దండోనా బృందం ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే 2006లో వెలువడింది. 15–49 ఏళ్ల వారిలో 1.72 శాతం మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది, పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా కనబడలేదు. ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల నమూనాల మీద ఆధారపడిన పాత అంచనాలు ఎక్కువగా ఉన్నాయని కూడా ఆ సర్వే చూపింది. దేశం మొత్తం సంఖ్యను 2007లో సగానికి పైగా దించడానికి దారి వేసిన అధ్యయనాల్లో అదొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2005–06లో ఉమ్మడి రాష్ట్రానికి 0.97 శాతం అని చెప్పింది. 2021 జాతీయ అంచనాల ప్రకారం విభజిత ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో 0.67 శాతం మందికి హెచ్ఐవీ ఉంది. మొత్తం సుమారు 3.2 లక్షల మంది, మహారాష్ట్ర తర్వాత దేశంలో అత్యధికం. స్త్రీలలో ఎక్కువమంది భర్త ద్వారా సోకిన గృహిణులు. వాళ్లలో వితంతువులూ తక్కువేం కాదు.

ఈ రాష్ట్రానికి మరో ప్రత్యేకత ఉంది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. కండోమ్ వాడే జంటలు ఒక శాతం కూడా లేవు. ఇరవై అయిదేళ్లు నిండకుండానే ఆపరేషన్ అయిపోయిన ఇంట్లో కండోమ్ పొట్లం కనబడితే అది కుటుంబ నియంత్రణ కోసమని ఎవరూ అనుకోరు. కౌన్సిలర్లు ఎంత చెప్పినా ఆ సలహా గడప దాటి లోపలికి రాకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు.

రక్తం ఒకటి, స్రావం ఒకటి

హెచ్ఐవీ ప్రధానంగా సీడీ4 కణాల్లో తిష్ఠ వేస్తుంది. గర్భాశయ ముఖద్వారం చుట్టూ ఆ కణాలు దట్టంగా ఉంటాయి. రక్తంలోని వైరస్ అక్కడికి చేరుతుంది, అక్కడి కణాల్లో విడిగానూ పెరుగుతుంది. రెండు చోట్ల దొరికే వైరస్ రకాలు కొన్నిసార్లు జన్యుపరంగా వేరుగా ఉండటం ఇందుకు ఆధారం. పట్టుబడి అయ్యాక, చెరువులో నీరంతా తీసేసినా మూలల మడుగుల్లో కొన్ని రొయ్యలు మిగిలినట్టు, మందులు రక్తాన్ని ఖాళీ చేసినా కణజాలంలో వైరస్ నిల్వలు మిగులుతాయి.

స్రావంలో వెతికేది రెండు రకాలుగా ఉంటుంది. కణాల వెలుపల తేలే వైరస్ ఆర్ఎన్ఏ ఒకటి, సోకిన కణాల లోపల దాగిన డీఎన్ఏ మరొకటి. మొదటిది మందులకు చాలా త్వరగా లొంగుతుంది. కెన్యాలోని మొంబాసాలో చేసిన అధ్యయనంలో, చికిత్స మొదలైన కొద్ది రోజుల్లోనే యోని, గర్భాశయ ముఖద్వార స్రావాల్లో వైరస్ గణనీయంగా పడిపోయింది. రెండోది అంత తేలిగ్గా పోదు. ఈ నెల కనబడినది వచ్చే నెల కనబడకపోవచ్చు. నెలసరి రోజులను బట్టి కూడా హెచ్చుతగ్గులు ఉంటాయి. అందుకే ఒక్క నమూనాతో ఎవరినీ ఫలానా అని తేల్చలేం. ఈ పరీక్ష పరిశోధనశాలలకే పరిమితం. ఏఆర్‌టీ కేంద్రంలో చేసేది రక్తపు వైరల్ లోడ్ (వైరస్ మోతాదు) మాత్రమే: మందులు మొదలైన ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా ఒకసారి. అది సరైన పద్ధతే. ప్రతి స్త్రీకీ స్రావ పరీక్ష చేయాలని కోరడం డబ్బు వృథా.

మందులన్నీ ఒకే తీరున అక్కడికి చేరవు. 2007లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో లామివుడిన్ రక్తంలో కన్నా జననాంగ ద్రవంలో దాదాపు నాలుగు రెట్లు, జిడోవుడిన్ రెండు రెట్లకు పైగా చేరాయి. స్టావుడిన్ రక్తంలో ఉన్నదానిలో 5 శాతమే చేరింది, ఎఫావిరెంజ్ ఒక శాతంలో సగం కూడా చేరలేదు. మన తొలితరం రోగులు వాడిన కలయికల్లో స్టావుడిన్ ఉండేది, తర్వాత చాలా ఏళ్లు ఎఫావిరెంజ్ నడిచింది. ఇప్పుడు ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర. డోలుటెగ్రావిర్ కూడా స్రావంలోకి కొద్దిగానే చేరుతుంది, అయినా వైరస్‌ను అణచడానికి ఆ కొద్దీ చాలు. ఇక్కడ స్త్రీలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలు, కాల్షియం, యాంటాసిడ్లు ఖాళీ కడుపున ఈ మాత్రతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో దీన్ని వేసుకోవాలి. ఐరన్, కాల్షియమైతే భోజనంతో పాటు కలిపి వేసుకున్నా ఇబ్బంది లేదు. మాత్రలన్నీ ఒకే గుక్కలో మింగేసే అలవాటు ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు.

ఏ ఇన్ఫెక్షన్ ఏం చేస్తుంది

ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి, లోపల పులుపును నిలబెడుతుంది. అది తగ్గి వేరే బాక్టీరియా పెరిగితే పీహెచ్ 4.5 దాటుతుంది, పల్చటి స్రావం, చేపల నీచు లాంటి వాసన వస్తాయి. దీని పేరు బాక్టీరియల్ వెజినోసిస్. ప్రసవ వయసు స్త్రీలలో తెల్లబట్టకు అతి సాధారణ కారణం ఇదే. మళ్లీ మళ్లీ తిరగబెట్టడం దీని స్వభావం. భర్తకు కూడా మందు ఇస్తే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్న దశాబ్దాల పాటు నలిగింది. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం ఉంటుందని చూపింది: పురుషుడికి కూడా మాత్ర, పైపూత మందు ఇచ్చిన జంటల్లో పన్నెండు వారాల్లో 35 శాతం మందికి తిరగబెట్టింది, స్త్రీకి మాత్రమే ఇచ్చినచోట 63 శాతం మందికి.

ట్రైకోమోనాస్ ఏకకణ పరాన్నజీవి. ఈ విషయంలో అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదేనని నా అభిప్రాయం. లక్షణాలు లేకుండా నెలల తరబడి ఉంటుంది, వైరస్ స్రావాన్ని పెంచుతుంది, చౌక మందుతో పోతుంది. 2001లో వెలువడిన మొంబాసా అధ్యయనంలో దీనికి వైద్యం చేశాక యోని స్రావంలో వైరస్ నాలుగు రెట్ల మేర తగ్గింది. కాండిడా అనే బూజు ఇన్ఫెక్షన్‌కు చేసినప్పుడు మూడు రెట్లు తగ్గింది. బాక్టీరియల్ వెజినోసిస్‌కు వైద్యం చేసినప్పుడు మాత్రం తేడా కనబడలేదు. ఆ స్త్రీలు అప్పటికి ఏఆర్‌టీ మీద లేరన్నది గుర్తుంచుకోవాలి. అమెరికాలోని లూసియానాలో పాట్రీషియా కిసింజర్ బృందం మరో సంగతి తేల్చింది. హెచ్ఐవీ ఉన్న స్త్రీలలో ట్రైకోమోనాస్‌కు వాడే మెట్రోనిడజోల్‌ను ఒకే మోతాదుగా ఇస్తే దాదాపు 17 శాతం మందిలో పరాన్నజీవి మిగిలిపోయింది, ఏడు రోజులు ఇస్తే అది సగానికి తగ్గింది. మన సర్కారు ఆసుపత్రుల్లో దీనికి ఇచ్చే మందుల పొట్లంలోని సెక్నిడజోల్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఒకే మోతాదు అనగానే తోసిపుచ్చాల్సిన పనిలేదు. అయినా తగ్గలేదని తిరిగొచ్చిన స్త్రీకి అదే పొట్లం మళ్లీ చేతిలో పెట్టడం మాత్రం తప్పు.

గనేరియా, క్లమీడియా గర్భాశయ ముఖద్వారాన్ని వాచేలా చేస్తాయి. వాపు వచ్చినచోటికి తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి, వాటిలో వైరస్ మోసేవీ ఉంటాయి. వాపులో పుట్టే రసాయనాలు నిద్రాణంగా ఉన్న వైరస్‌ను తట్టిలేపుతాయి. పురుషుల్లోనూ ఇదే జరుగుతుంది. మలావీలో మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఉన్న పురుషుల వీర్యంలో, లేనివారితో పోలిస్తే, వైరస్ ఎనిమిది రెట్లు ఎక్కువగా ఉండి, వైద్యంతో దిగిందని 1997లో తేలింది. స్త్రీలకు వచ్చిన చిక్కేమిటంటే క్లమీడియా సోకినవారిలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు.

హెర్పిస్ కథ వేరు. రెండో రకం హెర్పిస్ వైరస్ ఒకసారి సోకితే జీవితాంతం ఉండి, అప్పుడప్పుడూ పుండ్లుగా పైకొస్తుంది. దాన్ని అణచిపెడితే హెచ్ఐవీ వ్యాప్తి తగ్గుతుందన్న ఆశతో ఆఫ్రికాలో 3,408 జంటలకు పరీక్ష జరిపారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం ఎసైక్లోవిర్ మందు పుండ్లను బాగా తగ్గించింది, రక్తంలో హెచ్ఐవీని కాస్త దించింది, భాగస్వామికి సోకడాన్ని మాత్రం ఆపలేకపోయింది. స్రావం కాస్త తగ్గడం వేరు, వ్యాప్తి ఆగడం వేరు అని తెలియజెప్పిన పరీక్ష ఇది.

ఇక భర్తకు సోకుతుందా

ఏఆర్‌టీ అందని రోజుల్లో స్రావంలోని వైరస్‌కు నిజంగానే ప్రాధాన్యం ఉండేది. పై హెర్పిస్ పరీక్షలోని జంటల నమూనాలనే విశ్లేషించి 2011లో వెలువరించిన పత్రం ప్రకారం, గర్భాశయ ముఖద్వారం దగ్గర వైరస్ పది రెట్లు పెరిగిన కొద్దీ, రక్తంలో ఎంతున్నా సరే, సోకే ప్రమాదం 1.67 రెట్లు పెరుగుతూ పోయింది. అంతకుముందే, 1995లో టాంజానియాలోని మ్వాంజాలో సుఖవ్యాధులకు లక్షణాలను బట్టి వైద్యం చేస్తే కొత్త హెచ్ఐవీ కేసులు దాదాపు 40 శాతం తగ్గాయి. ఉగాండాలోని రకాయ్‌లో ఊరందరికీ మందులు పంచినా అలాంటి ఫలితం రాలేదు. వాదన చాలాకాలం నడిచింది.

దాన్ని ముగించినది సుఖవ్యాధుల మందు కాదు, ఏఆర్‌టీయే. తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 పరీక్షలో చెన్నై, పుణే కేంద్రాలు కూడా ఉన్నాయి. ముందుగానే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ప్రమాదం 96 శాతం తగ్గుతుందని 2011లో వెల్లడైంది. ఐరోపాలో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం 2016లో ఇంకా ముందుకు వెళ్లింది: కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా, రక్తంలో వైరస్ అణగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. ఆ జంటల్లో సుఖవ్యాధులు ఉన్నవారూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇదే మాటను అధికారికంగా చెప్పింది. వైరస్ కనబడని స్థాయిలో ఉంటే లైంగిక భాగస్వామికి సోకే ప్రమాదం సున్నా.

కాబట్టి మందులు సక్రమంగా వాడే స్త్రీ స్రావంలో అప్పుడప్పుడూ కనబడే ఆనవాలు ఇంకొకరికి జబ్బు అంటించేంతటిది కాదు. ఆమెను అనుమానంగా చూడటానికి ఈ శాస్త్రాన్ని వాడుకోవడం శాస్త్రాన్ని తప్పుగా చదవడమే. మందులు మధ్యలో మానేసినవారి సంగతి, ఇంకా మొదలుపెట్టని వారి సంగతి వేరు. వాళ్లలో ఇన్ఫెక్షన్ ప్రమాదాన్ని పెంచుతుంది.

కాన్పు విషయంలోనూ ఇంతే. ప్రసవ సమయంలో బిడ్డ ఆ స్రావాల గుండానే వస్తుంది. 2014 నుంచి దేశంలో హెచ్ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం ఏఆర్‌టీ ఇస్తున్నారు, పుట్టిన బిడ్డకు నివారణ మందు పోస్తున్నారు.

వేడి, పొట్లం, ఆపరేషన్

తెల్లబట్టకు మన ఇళ్లలో మొదట వచ్చే మాట వేడి చేసిందని. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ మొదలవుతాయి. తగ్గకపోతే ఊళ్లోని ఆర్ఎంపీ డాక్టరు దగ్గర ఒక సూది, ఒక సెలైన్. ఇక్కడిదాకా వెళ్లేసరికే కూలి పోతుంది. రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో షిఫ్టు మానుకున్నా, చేపల గంప ఎత్తకపోయినా ఆ రోజు డబ్బు రాదు.

ప్రభుత్వ వ్యవస్థలో దీనికి చోటు లేకపోలేదు. పెద్ద ఆసుపత్రుల్లో ఉండే సురక్ష క్లినిక్ సుఖవ్యాధులకు, జననాంగ ఇన్ఫెక్షన్లకు ఉద్దేశించినదే. ల్యాబ్ ఫలితం కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి రంగు పొట్లం ఇవ్వడం చాలా ఏళ్లుగా అక్కడి పద్ధతి. యోని స్రావానికి ఆకుపచ్చ పొట్లంలో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ ఉంటాయి. గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే స్రావానికి బూడిద రంగు పొట్లంలో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, పొత్తికడుపు నొప్పికి పసుపుది, హెర్పిస్ పుండ్లకు ఎరుపుది. స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి చూస్తేనే ఆకుపచ్చా, బూడిదా అన్నది తేలుతుంది. రద్దీలో పరీక్ష బల్ల మీదికి అందరినీ ఎక్కించరు, ఎక్కడానికి అందరూ ఒప్పుకోరు. లక్షణాలు లేని క్లమీడియాకు ఈ పద్ధతిలో చోటే లేదు.

పైగా ఏఆర్‌టీ సెంటర్ ఒక గది, సురక్ష క్లినిక్ ఇంకో గది, స్త్రీల ఓపీ మరో గది. మాత్రల డబ్బా తీసుకుని కావలి బస్సో, గూడూరు రైలో అందుకోవాలనే తొందరలో ఉన్న మనిషి రెండో చీటీ రాయించుకుని మళ్లీ వరుసలో నిలబడటం అరుదు. స్త్రీల ఓపీలో తన జబ్బు చెప్పాలా వద్దా అన్న సందేహమూ ఉంటుంది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం ప్రకారం హెచ్ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు, అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. చట్టం ఉన్నదని తెలిసినవాళ్లు తక్కువ. మందుల మీద ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను 2024 జులైలో నెలకు 4,000 రూపాయలకు పెరిగింది. దాని గురించి మాత్రం అందరికీ తెలుసు.

గడపలోకి వెళ్లే పద్ధతి పనిచేస్తుందని ఆంధ్రలోనే చూపించారు. కాలిఫోర్నియాకు చెందిన నర్సింగ్ ఆచార్యురాలు అడెలిన్ న్యామతి బృందం, భారతీయ సంస్థలతో కలిసి ఇక్కడి పల్లెల్లో ఎయిడ్స్ ఉన్న 68 మంది స్త్రీలతో పనిచేసింది. శిక్షణ పొందిన ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పలకరించి, ఆసుపత్రికి తోడు వెళ్లిన స్త్రీలలో మందుల క్రమం మెరుగుపడింది, కుంగుబాటు తగ్గింది. అదే ఆశా తెల్లబట్ట గురించి కూడా అడగడానికి కొత్త పథకమేదీ అక్కర్లేదు.

ఏ గదిలోనూ సరైన వైద్యం దొరకకపోతే చివరికి తేలేది గర్భసంచి తీసేసే ఆపరేషన్. 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, దేశంలో అత్యధిక స్థాయి ఇదే. క్యాన్సర్ వస్తుందని బెదిరించి, తెల్లబట్టకే గర్భసంచి తీసేసిన ఉదంతాలు తెలుగు నేలలో కొల్లలు. యోనిలోని ఇన్ఫెక్షన్ దీనితో పోదు. హెచ్ఐవీ ఉన్న స్త్రీకైతే ఒక అనవసర శస్త్రచికిత్స, దాని వెంట అండాశయాలు కూడా తీసేస్తే ముందే ముంచుకొచ్చే ముట్లుడగడం, పొడిబారడం, మళ్లీ మంట. 2005 ప్రాంతాల్లో మందులు మొదలుపెట్టిన తరం ఇప్పుడు ఎలాగూ ఆ వయసుకు చేరుతోంది. వాళ్ల మంటంతా ఇన్ఫెక్షన్ కాదు. పొట్లం ఇచ్చే ముందు అదీ చూడాలి.

క్యాన్సర్ భయానికి మాత్రం ఆధారం ఉంది, అందుకు చేయాల్సింది వేరు. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అది కూడా జననాంగ ఇన్ఫెక్షనే. ఏఆర్‌టీ దాన్ని పూర్తిగా వదిలించలేదు. వీరికి పాతికేళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్ పల్లెల్లో షేర్ ఇండియా సంస్థ 2000ల్లోనే ఈ పరీక్షను వెనిగర్ పూసి చూసే పద్ధతితో, పాప్ స్మియర్‌తో పోల్చి చూసింది. స్త్రీలు తమంతట తామే పుల్లతో తీసి ఇచ్చిన నమూనా పనికొస్తుందా అన్నది కూడా అక్కడి పల్లె స్త్రీలతోనే పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. బల్ల ఎక్కే పని లేని ఆ పద్ధతిలో తీసిన నమూనా నుంచే ట్రైకోమోనాస్‌ను, క్లమీడియాను, గనేరియాను కూడా జన్యు పరీక్షతో పట్టుకోవచ్చు. ఏఆర్‌టీ కేంద్రంలో మాత్రల కోసం వేచి ఉండే సమయంలోనే అది తీసి ఇవ్వవచ్చు.